మాయ, బొడ్డు, మర్రిచెట్టు: పురిటింటి మాటలు ఏమైనాయి?

మన పక్క మాటల గురించి రాసేటప్పుడు సేద్యం మాటలు, వంట మాటలు బాగానే వస్తుంటాయి. పురిటింటి మాటల జోలికి మాత్రం ఎవరూ పోరు. ఆడవాళ్ళ సంగతి అని మగవాళ్ళు రాయరు, సిగ్గని ఆడవాళ్ళు చెప్పరు. జవళగిరి పక్క ఇళ్ళల్లో బిడ్డ పుట్టినాక మాయను, బొడ్డును ఏం చేసేవాళ్ళు, ఇప్పుడు ఏం జరుగుతోంది, ఆ మాటలు ఏమైనాయి అన్నది ఈ వ్యాసంలో చూద్దాం.

ముందు మాటలు. బిడ్డ తర్వాత బయటికి వచ్చేదాన్ని మనం మాయ అంటాం. పుస్తకాల్లో మావి అని కూడా ఉంటుంది. సంస్కృతంలో జరాయువు. బడిలో చదువుకున్న జరాయుజాలు అనే మాట దాన్నుంచి వచ్చిందే. తమిళంలో నంజుకొడి, కన్నడంలో మాసు. ఇక బొడ్డుకు తమిళంలో తొప్పుళ్, కన్నడంలో హొక్కుళు. హొక్కుళు మనకు సంబంధం లేని మాటలా వినిపిస్తుంది గానీ, పాత తెలుగులో బొడ్డుకు పొక్కిలి అని ఒక మాట ఉండేది. మన పాలు కన్నడంలో హాలు, మన పులి అక్కడ హులి. అదే లెక్కన పొక్కిలి, హొక్కుళు ఒక ఇంటి బిడ్డలే. మూడు భాషలు కలిసే మన చోట ఇట్లాంటివి వెదికితే చాలా దొరుకుతాయి.

మా చిన్నప్పుడు కాన్పులు ఎక్కువగా ఇంట్లోనే. కాన్పు చేసేది మంత్రసాని. సరిహద్దు దాటితే ఆమే సూలగిత్తి. తుమకూరు జిల్లా పావగడ తాలూకాలో పుట్టిన సూలగిత్తి నరసమ్మ గారి పేరు చాలామంది వినే ఉంటారు. ఇంట్లో మాట్లాడే భాష తెలుగు. డెబ్బై ఏళ్ళలో 15,000కు పైగా కాన్పులు డబ్బు తీసుకోకుండా చేసినారని చెప్తారు. 2018లో పద్మశ్రీ ఇచ్చినారు, అదే ఏడాది డిసెంబరు 25న ఆమె పోయినారు. మన ఊళ్ళల్లో పేరు లేకుండా పోయిన మంత్రసానులందరి తరఫునా ఆ గౌరవం అందిందని నేను అనుకుంటాను.

మంత్రసాని బొడ్డు కోసినాక మాయను పారవేసేవాళ్ళు కాదు. ఇంటి వెనక, బాలింత నీళ్ళు పోసుకునే చోటుకు దగ్గరలో గుంత తీసి, పసుపు, వేపాకు వేసి పూడ్చేవాళ్ళు. కుక్కలు తవ్వకుండా పైన రాయి పెట్టేవాళ్ళు. మాయను కుక్క లాక్కుపోతే బిడ్డకు కీడు, తల్లికి పాలు రావు అని అవ్వలు చెప్పేవాళ్ళు. మాయ బిడ్డతో పుట్టిన తోడు, దాన్ని అనాథగా వదలకూడదు అనేది ఆ మాటల వెనక ఉన్న భావం.

ఇది మన ఒక్కరి ఆచారం కాదు. జావా దీవిలో మాయను పూడ్చి పైన దీపం పెడతారు. న్యూజిలాండులోని మావోరీలకు ఫెనువా అనే ఒకే మాటకు నేల అనీ, మాయ అనీ రెండు అర్థాలు. మాయను తమ నేలలోనే పూడ్చడం వాళ్ళకు పెద్ద ఆచారం. హిందీలో కూడా ఒక చోటి మీద మమకారం గురించి చెప్పాలంటే అక్కడ నా బొడ్డుతాడు పాతి ఉంది అనే అర్థంలో మాట్లాడతారు.

రెండోది ఎండిన బొడ్డు. పుట్టిన వారం, పది రోజులకు, కొందరికి ఇంకా కొన్ని రోజులకు అది రాలుతుంది. దాన్ని గుడ్డలో చుట్టి పెట్టెలో దాచేవాళ్ళు, లేదంటే వెండి తాయెత్తులో పెట్టి బిడ్డ మొలతాడుకు కట్టేవాళ్ళు. ఇంకా లోకం తెలియనివాణ్ణి బొడ్డూడనివాడు అంటాం. ‘నీకేమైనా బొడ్డు కోసి పేరు పెట్టినానా?’ అని ఎకసెక్కం కూడా చేస్తాం. బొడ్డు మీద నిలబడిన మాటలు ఇవి.

మూడోది పశువుల మాయ. 1980ల్లో గ్రామీణాభివృద్ధి పథకం కింద పాడి పశువులకు బ్యాంకులో అప్పులిచ్చేవాళ్ళం. తనిఖీకి పల్లెలకు పోయినప్పుడు ఊరి బయట మర్రిచెట్టు కొమ్మలకు గడ్డి మూటలు వేలాడుతూ కనిపించేవి. ఆవు ఈనినాక పడిన మాయను గడ్డిలో చుట్టి అక్కడ కట్టేవాళ్ళు. మర్రి పాలు కారే చెట్టు కాబట్టి ఆవుకు కూడా పాలు బాగా దిగుతాయని నమ్మకం. ఆవు తన మాయను తానే తినేస్తుంది, తింటే పాలు తగ్గుతాయని రైతులు కాపు కాసేవాళ్ళు. తమిళంవాళ్ళు ఆ మాయను ఇళంకొడి అంటారు. వాళ్ళలో కూడా ఇదే ఆచారం ఉంది. పత్రాల కన్నా ముందు ఆ మర్రిచెట్టే చెప్పేది, ఊళ్ళో ఎన్ని ఆవులు ఈనినాయో!

అయితే పాతదంతా బంగారం అని చెప్పడం నా ఉద్దేశం కాదు. కొడవలితో బొడ్డు కోసి, దాని మీద బూడిదో పేడో పూసిన ఇళ్ళు ఉండేవి. ధనుర్వాతం పుట్టించే క్రిమి మట్టిలో, పేడలో ఉంటుంది. కోసిన బొడ్డులోంచి లోపలికి పోతే వారం తిరిగేలోపే బిడ్డ చన్ను పట్టడం మానేసి, ఒళ్ళు బిగుసుకుని పోతుంది. చాలా ఇళ్ళల్లో దాన్ని దిష్టి అనో గాలి అనో అనుకున్నారు. చరక సంహితలోనే బొడ్డును ఎనిమిది అంగుళాల దగ్గర పదునైన బంగారు, వెండి లేదా ఇనుప కత్తితో కోయాలని ఉంది. ఆ జాగ్రత్త పల్లెదాకా రాలేదు. తల్లులకు టీకాలు, శుభ్రమైన బ్లేడు, ఆసుపత్రి కాన్పులు వచ్చినాక 2015లో మన దేశంలో పురిటిబిడ్డల ధనుర్వాతాన్ని నిర్మూలించినట్టు ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒప్పుకుంది. ఏ జిల్లాలోనూ వెయ్యి కాన్పులకు ఒక కేసు కూడా ఉండకూడదు అనేది దానికి లెక్క.

తమిళనాడులో ఇప్పుడు దాదాపు కాన్పులన్నీ ఆసుపత్రిలోనే. రాగి పంట కాలంలో బన్నేరుఘట్ట వైపునుంచి ఏనుగులు దిగే మన అడవి పల్లెలకు కూడా 2008 నుంచి 108 బండి వస్తోంది. మంచిదే. కానీ ఆసుపత్రిలో మాయ ఎవరిది? 2016 జీవవైద్య వ్యర్థాల నియమాల ప్రకారం మనిషి కణజాలం అంతా పసుపురంగు సంచిలోకి పోవాలి, ఆ తర్వాత దాన్ని కాల్చేయాలి. కాల్చే కేంద్రం అందుబాటులో లేని మారుమూల చోట్ల లోతైన గుంతలో పూడ్చి, సున్నం వేసి, మట్టి కప్పాలి. అవ్వలు వేసిన పసుపుకు బదులు సున్నం అన్నమాట. ఇంటివాళ్ళకు మాత్రం దాన్ని చూసే పని లేదు.

నేను గమనించింది ఇక్కడే. ఈ మూడింటిలో రాలిన బొడ్డు ఇప్పటికీ ఇంట్లోనే రాలుతుంది, ఆవు ఇప్పటికీ కొట్టంలోనే ఈనుతుంది. అందుకే ఆ రెండిటి మాటలు బతికి ఉన్నాయి. బిడ్డ మాయ మాత్రం ఆసుపత్రిలో ఉండిపోయింది. దానితోపాటు మాట కూడా పోతోంది. మన ఇళ్ళల్లో కొత్తగా తల్లులైన ఆడపిల్లలతో మాట్లాడి చూడండి. ప్లాసెంటా అంటారు, లేదా నర్సమ్మ చెప్పిన నంజుకొడి అంటారు. మాయ పడలేదు అంటే ఆవు గురించే అనుకుంటారు. చేతిలో పని ఉన్నంత కాలమే నోట్లో మాట ఉంటుంది.

ఇంకొక సంగతి. బొడ్డుతాడు రక్తాన్ని దాచిపెట్టే బ్యాంకులు వచ్చినాయి, కాన్పుకు ముందే ఇంటికి ఫోన్లు వస్తాయి. తాయెత్తులో బొడ్డు దాచింది కూడా ఇదే విజ్ఞానం అని వాట్సాప్‌లో తిరుగుతోంది. అది నిజం కాదు. ఎండిపోయిన బొడ్డులో బతికిన కణాలు ఉండవు. బొడ్డుతాడు రక్తంతో వైద్యం మాత్రం నిజమే. 1988లో పారిస్‌లో చెల్లెలి బొడ్డుతాడు రక్తంతో ఒక అబ్బాయికి మొదటిసారి చికిత్స చేసినారు. కానీ బిడ్డ తన కోసమే దాచుకోవడానికి శాస్త్రీయ ఆధారం లేదని 2017లో భారత వైద్య పరిశోధన మండలి మార్గదర్శకాలు చెప్పినాయి. బ్యాంకులో పనిచేసినవాడిగా నా సలహా ఒకటే. ఏ డిపాజిట్ అయినా తిరిగి ఎప్పుడు, ఎవరికి పనికొస్తుందో అడిగినాకే సంతకం పెట్టండి.

మాయను మళ్ళీ ఇంటికి తెచ్చి పూడ్చమని నేను అనను. మాటను మాత్రం దాచుకోవచ్చు, దానికి ఖర్చు లేదు. మీ ఇంట్లో ఎనభై ఏళ్ళ అవ్వ ఉంటే ఈ వారమే కూర్చోబెట్టి అడగండి. మాయను ఏమనేవాళ్ళు, ఎక్కడ పూడ్చేవాళ్ళు, ఎవరు పూడ్చేవాళ్ళు, బొడ్డు ఎక్కడ దాచినారు, ఆవు మాయను ఏ చెట్టుకు కట్టినారు? తళి, కెలమంగలం, డెంకణికోట పక్క మాటలు వేరేగా ఉంటే అవి కూడా రాసి పెట్టండి. ఊరి పేరుతో సహా.