నాస్తికుడు

‘న’, ‘అస్తి’ కలిసి ‘నాస్తి’ అయింది. లేదు అని అర్థం. ‘ఫలితం నాస్తి’ అని వాడుకలోనూ వింటాం. దాని నుంచి పుట్టిందే నాస్తికుడు. ఏది లేదన్నవాడు? పాణిని వ్యాఖ్యాతల ప్రకారం పరలోకాన్ని, మనుస్మృతి ప్రకారం వేదాన్ని కాదన్నవాడు. అందుకే సృష్టికర్తను ఒప్పుకోకపోయినా వేదాన్ని ఒప్పుకునే మీమాంస కూడా ఆస్తిక దర్శనమే. దేవుణ్ణి నమ్మనివాడనేది నేటి తెలుగు అర్థం.

నీతి లేనివాడన్న నింద ఈ మాటకు అన్యాయంగా అంటుకుంది. గోరా (గోపరాజు రామచంద్రరావు) ఆ మాటనే సగర్వంగా స్వీకరించి, భార్య సరస్వతితో కలిసి 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం స్థాపించారు. 1947లో అది విజయవాడకు మారింది. సహపంక్తి భోజనాలు, కులాంతర వివాహాలు, అస్పృశ్యతా నిర్మూలన అక్కడ నాస్తికత్వానికి ఆచరణ రూపాలు. కొడుకు లవణం, కోడలు హేమలత స్టువర్టుపురంలో నేరస్థుల ముద్ర పడిన కుటుంబాల పునరావాసానికి పనిచేశారు.