గసగసమంత గుడ్డు, ఏడు కౌంటీల కాపలా

సియాటిల్‌కి ఉత్తరాన మిల్ క్రీక్, లిన్‌వుడ్ వైపు ఇళ్ళు కొనుక్కున్న మన తెలుగువాళ్ళకి, తామున్న స్నొహోమిష్ కౌంటీలో సముద్ర వనరుల సంఘం ఒకటుందని తెలియకపోవచ్చు. పాతికేళ్ళు దాటిన అలాంటి సంఘాల కథ మన ఇంటి కథే.

ఇక్కడి జలసంధులను జాతీయ సముద్ర అభయారణ్యంగా ప్రకటించాలని ఒకప్పుడు ప్రతిపాదన వచ్చింది. పెత్తనం ఎక్కడో దూరాన ఉన్నవాళ్ళ చేతికి పోతుందని స్థానికులు గట్టిగా ఎదురుతిరిగారు. అది అటకెక్కాక డెమొక్రాట్ సెనెటర్ ప్యాటీ మర్రే, రిపబ్లికన్ ప్రతినిధి జాక్ మెట్‌కాఫ్ పార్టీలు పక్కనపెట్టి, వేరే దారి చూడమని పౌరులతో ఒక కమిషన్ వేశారు. అలా 1998లో కాంగ్రెస్ ఆమోదంతో నార్త్‌వెస్ట్ స్ట్రెయిట్స్ కార్యక్రమం పుట్టింది. ఏడు కౌంటీలు, కౌంటీకో సంఘం. సాన్ వాన్ దీవులవాళ్ళు అంతకు ముందే, 1996లోనే, తమ సంఘం పెట్టుకున్నారు. ఈ సంఘాలకు ఎవరిమీదా జరిమానా వేసే అధికారం లేదు. నా దృష్టిలో వాటి బలం అదే. పొరుగువాడు చెబితే వినే మనిషి ప్రభుత్వం చెబితే వినడు.

అవి చేసే పనుల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది చిన్న చేపల గుడ్లు వెతకడం. మనకు నెత్తళ్ళు ఎలాగో, ఇక్కడి సముద్రానికి సర్ఫ్ స్మెల్ట్, శాండ్ లాన్స్ అలాగ. వీటిని సాల్మన్ తింటుంది, సాల్మన్‌లో చినూక్ రకాన్ని ఇక్కడి ఓర్కా తిమింగలాలు తింటాయి. ఈ రెండు చేపలూ గుడ్లు పెట్టేది లోతు నీళ్ళలో కాదు, పోటు వచ్చినప్పుడు ఒడ్డు పైభాగాన, ఇసుకలో, సన్న కంకరలో. శాండ్ లాన్స్ అలా ఒడ్డునే గుడ్లు పెడుతుందని 1989 దాకా ఇక్కడ తెలియలేదు. రాష్ట్ర మత్స్యశాఖ జీవశాస్త్రవేత్త డాన్ పెంటిలా దాన్ని కనిపెట్టారు. సంఘాల వాలంటీర్లు ఇప్పుడు పాటిస్తున్న పద్ధతికి మూలం కూడా ఆయన పనే.

నీళ్ళు వెనక్కి తగ్గాక ఒడ్డు వెంట నూరడుగుల టేపు పరుస్తారు. దాని పొడుగునా అక్కడక్కడా పైపొర ఇసుకను గరిటెతో తీసి సంచిలో నింపుతారు. తరవాత బకెట్ల నీళ్ళతో మూడు జల్లెడల మీదుగా కడుగుతారు. మిగిలిన సన్న ఇసుకను ఒక నీలం గిన్నెలో పోసి నీళ్ళు గిర్రున తిప్పుతారు. బంగారం వెతికేవాళ్ళు పసిడి రజను వేరుచేసుకోవడానికి వాడే గిన్నే అది. ఇక్కడ దాని వాడకం తిరగబడింది: బరువైన ఇసుక అడుగున ఉండిపోతుంది, తేలికైన గుడ్లు పైకి లేచి బయటికొస్తాయి. వాటిని మైక్రోస్కోప్ కింద పెడతారు. సర్ఫ్ స్మెల్ట్ గుడ్డు గసగసమంత, ఇసుక రేణువుకు అతుక్కుని ఉంటుంది. పిల్ల బయటికి వచ్చే దశ దగ్గరపడితే లోపల కన్ను నల్లటి చుక్కలా కనిపిస్తుంది.

ఆ గుడ్డు దొరికిందని నమోదయ్యాక ఆ ఒడ్డు చట్టం దృష్టిలోకి వస్తుంది. వాషింగ్టన్ రాష్ట్ర నిబంధనల ప్రకారం గుడ్లు పెడుతున్నట్టు నమోదైన చోట గోడ కట్టాలన్నా, రాళ్ళు పేర్చాలన్నా అనుమతి దగ్గర ఆ లెక్క అడ్డుపడుతుంది. ఇక్కడి సముద్రపాయ ప్యూజెట్ సౌండ్ తీరంలో పావు వంతుకు పైగా ఇప్పటికే గోడల పాలయింది. గోడ కట్టినచోట ఒడ్డుకు కొత్త ఇసుక అందదు. చెట్ల నీడ కూడా పోతుంది. నీడలేని ఎండలో గుడ్లు ఎండిపోతాయి. ఉత్తర ప్యూజెట్ సౌండ్‌లో చేసిన ఒక అధ్యయనంలో, మనుషులు మార్చేసిన ఒడ్డున బతికున్న పిండాలు సహజమైన ఒడ్డున ఉన్నవాటిలో సగమే తేలాయి.

మన కౌంటీలో కథ ఇంకాస్త కష్టం. సియాటిల్ నుంచి ఎవరెట్ దాకా రైలు కట్ట సముద్రాన్ని ఆనుకునే పోతుంది, కొండ చరియల నుంచి రావాల్సిన ఇసుకను ఆపేస్తుంది. అందుకే 2016లో ఎవరెట్‌లోని హోవర్త్ పార్కు దగ్గర పాత రాతి గోడ తీసి, ఒడ్డుకు ఇసుక, కంకర తెచ్చిపోశారు. అలా బాగుచేసిన ఒడ్డుకు చేపలు వస్తున్నాయో లేదో తెలియాలంటే ఎవరో ఒకరు వెళ్ళి ఇసుక కడగాలి. గుడ్లు దొరకని నెలను కూడా సున్నా అని రాసిపెడతారు, ఆ సున్నాలు లేకపోతే దొరికిన నెలకు విలువ కట్టలేం. శాండ్ లాన్స్ గుడ్లు పెట్టేది నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా, చలిలో, వానలో. ఆ నెలల్లోనే మనుషులు తక్కువపడతారు. మన పిల్లల్ని వెంటబెట్టుకుని మనమూ వెళదాం.