నీరసమా, నిస్త్రాణా?
పొద్దువాలేసరికి కనురెప్పలు వాలిపోతున్నాయనో, అన్నం నమిలేకొద్దీ దవడ సడలిపోతోందనో అంటే మనవాళ్లు వెంటనే "నీరసంలే, కాస్త గ్లూకోజు తాగు" అంటారు. ఆ మాట ఇక్కడ అతకదు. సంస్కృతంలో నీరసమంటే రసం లేనిది. ఎండిన కొమ్మా నీరసమే, చప్పని కావ్యమూ నీరసమే. తెలుగులో అది ఒంటి అలసటకు మళ్లింది. పైన చెప్పినట్టు కండరాలు సడలే మయస్థీనియా గ్రావిస్ అనే జబ్బుది వేరే దారి: నరం పంపిన అసిటైల్‌కోలిన్‌ను కండరం మీద అందుకునే గ్రాహకాలను మన ప్రతిరక్షకాలే (యాంటీబాడీలే) దెబ్బతీస్తాయి. దీనికి నిస్త్రాణే తగిన మాటని నా నమ్మకం. త్రాణమంటే మూలంలో రక్షణ. తెలుగులో త్రాణ అంటే సత్తువ. కాపాడవలసినవే సత్తువ లాగేసే ఈ జబ్బుకు రెండర్థాలూ సరిపోతాయి. నిస్సత్తువ దీనికి దగ్గరి చుట్టం. డాక్టరుకు మాత్రం ఏ పని చేస్తే, ఏ వేళకు త్రాణ తప్పుతోందో విడమరచి చెప్పాలి. ఏ రక్తపరీక్ష రాయాలో అప్పుడే తడుతుంది. 1976లో పరిశోధకుడు లిండ్‌స్ట్రామ్ బృందం రోగుల రక్తంలో ఈ ప్రతిరక్షకాలను కొలిచి చూపింది. ఒళ్లంతా పాకిన జబ్బులో నూటికి సుమారు 85 మందిలో ఇవి కనిపిస్తాయి. కనబడకపోతే మస్క్ అనే మరో రకం ప్రతిరక్షకాల కోసం వెతుకుతారు. అవీ లేనంత మాత్రాన జబ్బు లేనట్టు కాదు. అప్పుడు నరానికి కరెంటిచ్చి కండరం స్పందనను కొలుస్తారు.