చెవులున్న పెట్టె

గోడలకి చెవులుంటాయని మన పెద్దవాళ్లు అన్నప్పుడు, పక్కింటి పిన్నిగారినో, వీధరుగు మీద చుట్ట కాలుస్తూ కూర్చున్న మామయ్యగారినో దృష్టిలో పెట్టుకుని అని ఉంటారు. ఇప్పుడు నిజంగానే చెవులున్న పెట్టెలు వచ్చాయి. చెవులే కాదు, నోరూ ఉంది. "పాట పెట్టు" అంటే పెడుతుంది. "రేపు వానొస్తుందా?" అంటే జవాబు చెబుతుంది. ఈ పిలిస్తే పలికే పెట్టె కథ నిన్నా మొన్నటిది కాదు. అందులో మన తెలుగువాడొకరికి పెద్దపీట ఉంది కూడాను.

పిలుపు విని కదిలిన తొలి యంత్రాల్లో ఒకటి బొమ్మకుక్క. 1920లలో అమెరికా పిల్లలు ఆడుకున్న బొమ్మ. పేరు రెక్స్. పేరు పెట్టి పిలిస్తే గూట్లోంచి ఒక్క దూకు దూకేది. దానికి తెలివేం లేదు లెండి. ఆ పేరులోని అచ్చు పలికినప్పుడు పుట్టే ప్రకంపనానికి లోపలి మీట కదిలి, స్ప్రింగు విడిపోయేది. అంతే!

1952లో బెల్ లేబొరేటరీస్ వారు 'ఆడ్రీ' అనే యంత్రం చేశారు. అది సున్నా నుంచి తొమ్మిది దాకా అంకెలు గుర్తుపట్టేది. అయితే ఎవరి గొంతుకి అలవాటు చేస్తే వాళ్ల మాటే సరిగ్గా వినేది. 1962లో సియాటిల్ ప్రపంచ ప్రదర్శనలో ఐ.బి.ఎం. వారు చూపించిన 'షూబాక్స్' పదహారు మాటలు నేర్చింది. జోళ్ల డబ్బా అంత యంత్రానికి అదే ఘనం.

ఇక్కడ మనవాడు రంగప్రవేశం చేస్తాడు. చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో పుట్టిన దబ్బల రాజగోపాల్ రెడ్డి, లోకానికి రాజ్ రెడ్డి. మద్రాసు గిండీలో ఇంజనీరింగు చదివి, స్టాన్‌ఫర్డ్‌లో 1966లో డాక్టరేటు పుచ్చుకుని, కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో మాట వినే యంత్రాల పని పట్టుకున్నారు. 1976లో అక్కడ తయారైన 'హార్పీ'కి 1,011 మాటలు వచ్చు. పదహారెక్కడ, వెయ్యెక్కడ! ఆయన దగ్గర చదువుకున్న బేకర్ దంపతులు తర్వాత డ్రాగన్ సంస్థ పెట్టారు. మాటకీ మాటకీ మధ్య ఆగకుండా, మామూలుగా మాట్లాడుతుంటే రాసిపెట్టే వారి సాఫ్ట్‌వేర్ 1997లో బజార్లోకొచ్చింది. రెడ్డిగారి మరో శిష్యుడు కై-ఫు లీ చేసిన 'స్ఫింక్స్' ఎవరి గొంతయినా వినగలిగింది. 1994కి గాను రెడ్డిగారికి ట్యూరింగ్ పురస్కారం వచ్చింది. 2000లో స్ఫింక్స్ ప్రోగ్రాంని ఎవరైనా చూసుకునేలా, వాడుకునేలా బయటపెట్టేశారు.

చిత్రమేమిటంటే, ఇంతవరకూ చెప్పిన కథలో మాట గది దాటి పోలేదు. 1997 నాటి డ్రాగన్ కూడా బల్లమీది కంప్యూటర్లోనే విని, అక్కడే రాసేది.

మాట గడప దాటింది తర్వాతే. 2011లో ఆపిల్ వారి 'సిరి' వచ్చింది. 2014లో అమెజాన్ వారి 'ఎకో' పెట్టె వచ్చింది. చేతిలో ఫోనుకీ, మూలనున్న పెట్టెకీ అంత లెక్క చేసే సత్తువ లేదు. అంచేత పేరు పెట్టి పిలిచిన పిలుపు మాత్రం తానే విని, ఆ తర్వాతి మాటల్ని ఎక్కడో ఉన్న కంపెనీ యంత్రాలకి పంపేది. జవాబు అక్కణ్ణుంచి వచ్చేది. సదుపాయమే, కాదనం. కానీ 'ఇంటిగుట్టు లంకకు చేటు' అన్నారు. ఆ గుట్టు చెప్పడానికి విభీషణుడంతటివాడు సముద్రం దాటి వెళ్లాల్సి వచ్చింది. ఈ పెట్టెకి ఆ శ్రమ కూడా లేదు.

2018లో అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో ఒక ఇంట్లో మాటల్ని ఎకో తనకిచ్చిన ఆజ్ఞలనుకుని, రికార్డు చేసి, వారికి తెలిసిన ఒకాయనకి పంపేసింది. 2019లో ఇంకో సంగతి పత్రికలకెక్కింది: పెద్ద కంపెనీల్లో జీతగాళ్లు కూర్చుని, నాణ్యత కోసమని జనం మాటలు కొన్ని వింటున్నారని. అదే ఏడు ఆగస్టులో ఆపిల్ క్షమాపణ చెప్పుకుంది.

దీనికి విరుగుడుగా మరో దారి పడింది. 2015లో 'మైక్రాఫ్ట్' మొదలైంది. లోపల ఏముందో అందరూ చూడొచ్చు, మార్చుకోవచ్చు. వంటిల్లు కనపడేలా కట్టిన హోటలన్నమాట. అయితే వంటిల్లు కనపడగానే గుట్టు దక్కినట్టు కాదు. మాటని అక్షరాల్లో పెట్టడానికి తొలిరోజుల్లో మైక్రాఫ్టే గూగుల్ సాయం తీసుకునేది, ఎవరి గొంతో తెలియకుండా దాచి పంపేది. మాట పూర్తిగా ఇంట్లోనే ఉండాలంటే వినే విద్య కూడా ఇంటికి రావాలి. 2017లో మొజిల్లా సంస్థ, జనమే తమ గొంతులు దానమిచ్చే 'కామన్ వాయిస్' మొదలుపెట్టింది. 2022లో ఓపెన్‌ఏఐ వారు 6,80,000 గంటల మాటలతో నేర్పిన 'విస్పర్' ఎవరైనా దించుకునేలా ఇచ్చారు. దించుకున్నాక ఇంటర్నెట్టుతో పనిలేదు. పిలుపు వినడం, మాటని అక్షరాల్లో పెట్టడం, అర్థం పట్టుకోవడం, జవాబు పలకడం — ఈ నాలుగు పనులూ బల్లమీది కంప్యూటరే చేసుకోగలదు. కాస్త మంచి కంప్యూటరు కావాలి, ఒక్కోసారి నిదానిస్తుంది. తెలుగుని ఇంగ్లీషంత చక్కగా పట్టుకోలేదు. ఆ మాట దాచక్కర్లేదు.

2023లో రెండు దుకాణాలు మూతపడ్డాయి. డబ్బు చాలక మైక్రాఫ్ట్ కంపెనీ పని ఆపేసింది. విండోస్‌లోని 'కోర్టానా'ని మైక్రోసాఫ్ట్ తీసేసింది. కోర్టానా అంతటితో సరి. మైక్రాఫ్ట్ మాత్రం అందరి చేతుల్లోనూ ఉంది కనుక, దాన్ని వాడినవాళ్లే 'ఓపెన్ వాయిస్ ఓఎస్' పేరుతో నడుపుకుంటున్నారు. వ్యాపారి వెళ్లిపోయినా ఊరిబావి ఊరికే ఉన్నట్టు.

ఇక 2025 మార్చిలో, కొన్ని ఎకో పెట్టెల్లో మాటల్ని బయటికి పంపకుండా ఆపుకునే వీలుంటే, అమెజాన్ దాన్నీ ఎత్తేసింది. ఇచ్చినవాడే తీసుకున్నాడు. మనం అడగడానికేముంది?

అంచేత ఇంటికి ఇలాంటి పెట్టె తెచ్చుకునేవారు దాని రంగూ రూపూ తర్వాత చూసుకోవచ్చు. ముందు ఇంటర్నెట్టు తీగ ఊడదీసి, పేరు పెట్టి పిలిచి, పనొకటి చెప్పి చూడండి. చేసిపెట్టిందా, అది మన ఇంటి మనిషే. బిక్కమొహం వేసిందా, దాని చెవులు మాత్రమే మనింట్లో ఉన్నాయి.