నమూనా విమానము - అసలు విమానము

1986లో అమెరికాకు చెందిన టెస్టర్స్ సంస్థ ‘ఎఫ్-19 స్టెల్త్’ అను జెట్ విమానపు నమూనాను, 1:48 స్కేలులో, విడిభాగముల పెట్టెగా విపణిలోనికి తెచ్చెను. రాడారుకు చిక్కని రహస్య విమానము ఇట్లే యుండునని పలువురు నమ్మిరి. ఆ సంవత్సరమే అమెరికా కాంగ్రెసు విచారణలో సైతము ఈ బొమ్మ చర్చకు వచ్చినది.

1988 నవంబరులో ప్రభుత్వము అసలు విమానమును వెల్లడించెను. దాని పేరు ఎఫ్-117. అది 1981లోనే ఎగిరియుండెను. నమూనా నున్నని వంపులతో నుండగా, అసలుది చదును పలకల కూర్పు. కారణమేమి? 1970 దశకపు కంప్యూటర్లు చదును తలములనుండి మరలు రాడారు తరంగములను మాత్రమే చక్కగా లెక్కింపగలిగినవి. కావున రూపకర్తలు అట్టి తలములనే ఎన్నుకొనిరి.

పెట్టెలోని భాగములెంత నాజూకైనవైనను, అసలును కొలువక చేసిన నమూనా పరికల్పనయే. పరికల్పనకు పరీక్ష తప్పదు. ఎఫ్-19కు ఆ పరీక్ష రెండేండ్లకు వచ్చినది.