రాళ్లు చదివిన ఉద్యోగి

ప్రత్యేక సంచికకు ఒక చరిత్రకారుని గురించి రాయమన్నారు. మనలాగే సర్కారు కొలువు చేసి రిటైరైన పి.వి. పరబ్రహ్మశాస్త్రి గారు నాకు మొదట గుర్తొచ్చారు.

గుంటూరు జిల్లాలో పుట్టిన శాస్త్రి గారు రాష్ట్ర పురావస్తు శాఖలో శాసనాలు చదివేవారు. కాకతీయులపై ధార్వాడ కర్ణాటక విశ్వవిద్యాలయానికి సమర్పించిన పరిశోధన 1978లో గ్రంథంగా వచ్చింది. రుద్రమదేవి 1295 వరకు ఏలిందని అంతకుముందు పుస్తకాలు రాసేవి. నల్గొండ జిల్లా చందుపట్లలోని ఒక్క రాయి ఆ లెక్క మార్చింది. 1289 నవంబరు నాటికే ఆమె శివసాయుజ్యం పొందినట్లు ఆ శాసనం చెబుతోంది.

అంతకన్నా ప్రాచీనమైనది కోటిలింగాల సంగతి. ఇప్పటి జగిత్యాల జిల్లాలో, గోదావరి ఒడ్డున ఉన్న ఆ ఊళ్లో దొరికిన నాణేలను తపాలా శాఖలో పనిచేసిన ఒక ధర్మపురి పండితుడు పోగుచేసి శాస్త్రి గారికి చూపించారు. వాటిపై బ్రాహ్మీ లిపిలో గోభద, నారన, కంవాయ, సమగోప వంటి పేర్లున్నాయి. చిముక అనే పేరూ ఉంది. పురాణాలు చెప్పే తొలి శాతవాహన రాజు సిముకుడు ఇతడేనని శాస్త్రి గారు వాదించారు. శాతవాహనులు మొదట ఎక్కడివారన్న వాదం ఇంకా తెగలేదు. అయినా, తెలంగాణను విడిచి ఆ వంశ చరిత్ర రాయడం అప్పటినుంచి ఎవరికీ సాధ్యం కాలేదు.

శాస్త్రి గారు రిటైరయ్యాక కూడా కలం పక్కన పెట్టలేదు. ప్రాచీనాంధ్ర గ్రామజీవనంపై 1996లో ఇంగ్లీషులో పుస్తకం తెచ్చారు. తొంభయ్యో పడి దాటాక 2016లో కన్నుమూశారు.

నేను గుమస్తాగా ఫైళ్లు కట్టినవాణ్ణి. ఒక్క కాగితం పోతే ఒక రైతు భూమి హక్కు ఎలా చిక్కుల్లో పడుతుందో మనందరికీ తెలుసు. శాసనమూ అలాంటి కాగితమే, దానికి నకలు మాత్రం ఉండదు. గుడి బాగుచేస్తూ అక్షరాలున్న బండకు సున్నం కొట్టడం, రంగు పూయడం, పునాదిలో వేయడం ఊళ్లలో చూస్తూనే ఉన్నాం.

కాబట్టి యాలాల్, తాండూరు వైపు మిత్రులకు నా మనవి ఒక్కటే. కాగ్నా ఒడ్డునగానీ, పాత గుడి దగ్గరగానీ రాతల బండ కనబడితే ఎవరినీ చెక్కనీయకండి. ఒక ఫోటో తీసి, ఊరి పేరు, స్థలం రాసి వారసత్వ శాఖకు పంపండి. చదవడానికి పండితులున్నారు. వారు వచ్చేదాకా కాపాడే పని మనది.