‘కుమార్తె’ అని రాయండి

అమ్మ పుట్టిన ఊరు ద్వారకా తిరుమలలో ఆమె పేరున రెండు గదుల ఇల్లు కొన్నాను. "ఈ వయసులో ఆవిడకెందుకమ్మా? మీ పేరునే రాయించుకోండి" అన్నాడు దస్తావేజు లేఖరి. ఎందుకో చట్టాల తారీఖులే చెబుతాయి.

1937 చట్టం వితంతువుకి ఆస్తిలో వాటా ఇచ్చింది గానీ, బతికున్నన్నాళ్లు అనుభవించడానికే. 1956 హిందూ వారసత్వ చట్టం దాన్ని పూర్తి హక్కు చేసింది. ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతో వచ్చే హక్కు మాత్రం కొడుకులకే మిగిలింది. ఎన్టీఆర్ ప్రభుత్వం ఆంధ్రప్రదేశ్‌లో కూతుళ్లకీ ఆ హక్కునిచ్చింది, 1985 సెప్టెంబరు 5 నుంచి. అంతకుముందే పెళ్లయినవాళ్లకి లేదు. అమ్మ పెళ్లి 1979లో. 2005 కేంద్ర సవరణ ఆ అడ్డు తీసేసింది. అయితే 2004 డిసెంబరు 20కి ముందు రిజిస్టరయిన పంపకాల జోలికి పోలేదు. మావయ్యలు 1991లోనే పంచుకుని రిజిస్టరు చేయించుకున్నారు. అమ్మకి పసుపు కుంకుమ కింద చీర పెట్టారు.

ఒక చట్టానికి పెళ్లి అడ్డం, మరో చట్టానికి పంపకం అడ్డం.

నేను కొనిచ్చిన ఇల్లు ఆ వాటాకి బదులు కాదు. అదీ ఒకరి దయే, హక్కు కాదు. అమ్మకీ ఆ సంగతి తెలుసు. లేఖరి "భర్త పేరు?" అనగానే, తాతయ్య పేరు చెప్పి, "కుమార్తె అని రాయండి" అంది.